అపెండిక్స్ అని చెప్పాలె

సర్కారు దవాఖానా వెనక, పరీక్షల కిటికీ ముందు సీసా పట్టుకుని నిలబడ్డ సమ్మక్కకు అక్కడే పదకొండు దాటింది. నేల మీద సున్నంతో గుండ్రాలు గీశారు, గుండ్రానికొక మనిషి. ఎవరి కాలైనా గీత దాటితే సెక్యూరిటీవాడు కర్రతో నేల మీద కొట్టి అదిలిస్తున్నాడు. ముందు ఇంకా పద్నాలుగు గుండ్రాలున్నాయి. ఆమె చేతి సీసాలో ఉన్నది మొగుడి మూత్రం. చెబితే తప్ప ఎవరూ నమ్మరు, పాలు పోయని చాయ్ రంగులో ఉంది. పక్క గుండ్రంలోని ముసలాయన ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. సమ్మక్క సీసాను కొంగు కిందికి లాక్కుంది. ఈ తొమ్మిది రోజుల్లో సిగ్గంతా పోయిందనుకుంది గాని, ఇంకా కొంచెం మిగిలే ఉంది.

ఆ ఏడు, అంటే రెండు వేల ఇరవైలో, శ్రావణమాసం వచ్చేనాటికి సూరత్‌లో జ్వరమనే మాట పైకి అనడానికి జనం జంకుతున్నారు. లింగమూర్తికి జ్వరం తగిలిన రోజే లింబాయత్‌లో వాళ్లుండే వరస గదుల్లో తలుపులన్నీ మూతపడ్డాయి. అయిదో రోజు ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు. కరోనా లేదని ఫోన్‌కు మెసేజ్ వస్తే ఇంట్లో పండగలా అయింది, సమ్మక్క కొమురెల్లి మల్లన్నకు కొబ్బరికాయ మొక్కింది. తర్వాత రక్తం చుక్క అద్దం మీద పూసి చూసి మలేరియా అన్నారు. మలేరియా తెలిసిన రోగమే, సూదులేస్తే పోతుంది. నాలుగు రోజులుగా వేస్తూనే ఉన్నారు. జ్వరం మాత్రం కదలలేదు. కళ్లు పచ్చబడ్డాయి, గోళ్లు పాలిపోయాయి, నిన్నటి నుంచి మూత్రం ఈ రంగుకు వచ్చింది.

లింగమూర్తిది జనగామ దగ్గర పల్లె. నేత కులవృత్తి. ఇరవై రెండేళ్ల కింద సూరత్ వచ్చి ఉధ్నాలో ఒక సేఠ్ షెడ్డులో సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, నిలబడ్డాడు. పన్నెండు గంటల డ్యూటీ, మీటరు లెక్కన కూలి, నెల తిరిగేసరికి పదమూడు పద్నాలుగు వేలు. కొడుకు సురేశ్‌దీ అదే షెడ్డు. ఉంటున్న గదీ సేఠ్‌దే. సమ్మక్క రింగ్ రోడ్ మార్కెట్ నుంచి వచ్చే చీరలకు వెనక వేలాడే దారాలు కత్తిరించేది, చీరకు రెండు రూపాయలు. మార్కెట్ మూతపడి ఆ రెండు రూపాయలు కూడా మార్చిలోనే ఆగిపోయాయి.

లింగమూర్తికి మంచం దొరికిన మొదటి పూట ఒక సంగతి జరిగింది. ఇప్పుడు సున్నం గుండ్రంలో నిలబడి సమ్మక్క దాన్నే తలుచుకుంటూ ఉంది. ఒళ్లంతా తెల్ల ప్లాస్టిక్ సూటు తొడుక్కున్న డాక్టరమ్మ వచ్చింది. కళ్లు తప్ప ఏమీ కనిపించవు. ఛాతీ మీద స్కెచ్ పెన్నుతో గుజరాతీలో ఏదో రాసి ఉంటే, అది ఆమె పేరని, హేతల్ అని నర్సు చెప్పింది. పొట్ట నొక్కి చూస్తాను చొక్కా ఎత్తమంది. ఎత్తితే రొమ్ము ఎముక కింది నుంచి బొడ్డు దాకా నిలువునా జెర్రిలాంటి మచ్చ.

"ఇదేం ఆపరేషన్?" అని హిందీలో అడిగింది.

"అపెండిక్స్ మేడం," అన్నాడు లింగమూర్తి. కళ్లు కూడా తెరవలేదు.

"అపెండిక్స్ కుడి పక్కన, కింద ఉంటుంది. నడిమధ్యన ఇంత పొడుగు ఎందుకు కోశారు?"

"లోపలనే పగిలిందట మేడం. చీము వట్టింది. కడుపంత కోసి కడిగిన్రు."

పగిలితే అట్లాగే కోస్తారు గనక డాక్టరమ్మకు అనుమానం రాలేదు. తల ఊపి రాసుకుంది. ఆమెకు ముప్ఫై ఉంటాయో లేదో, ఆ వార్డులో అరవై మంది రోగులకు ఆమె ఒక్కతే. ఏం పని చేస్తావని అడిగితే సాంచా పని అన్నాడు. సమ్మక్క మంచం కాళ్ల దగ్గర నిలబడి అంతా వింది. నోరు తెరవలేదు. ఆ జవాబు ఆమెకూ కంఠస్థమే.

ఆరేళ్ల కింద ఒక మధ్యాహ్నం షెడ్డులో నాడె ఎగిరింది. నాడె అంటే పోగును మోసుకుని మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే కట్టె, రెండు కొనలకూ ఇనుప ములుకులుంటాయి. నిమిషానికి నూరుసార్లకు పైగా కొట్టుకునే ఆ నాడె దారి తప్పి మనిషి మీదికి రాకుండా సాంచాకు అడ్డు కమ్మి ఉండాలి. కమ్మి ఉంటే తెగిన పోగు అతకడం ఆలస్యమవుతుంది, మీటర్లు తగ్గుతాయి. అందుకని ఆ షెడ్డులో కమ్ములన్నీ ఎప్పుడో ఊడబీకి మూలన పడేశారు. నాడె వచ్చి లింగమూర్తి ఎడమ డొక్కలో తగిలింది. రక్తం చుక్క బయటికి రాలేదు. గంటలో మనిషి చల్లబడిపోయాడు. సేఠ్ తన కారులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రికి పంపాడు. లోపల ఏదో పగిలిందన్నారు, కోసి తీసేశారు, బతికాడు.

కుట్లు విప్పిన రోజు గదికి దశరథం వచ్చాడు. దశరథం వాళ్ల ఊరివాడే, షెడ్డుకు ముకద్దం. మనుషులను తెచ్చి సాంచాల మీద నిలబెట్టేదీ, సేఠ్ మాట వాళ్లకూ వాళ్ల మాట సేఠ్‌కూ చేరవేసేదీ అతనే.

"ఇగో చెల్లె, జర మంచిగ ఇను. షెడ్డుల దెబ్బ తాకిందని ఎక్కడ అనద్దు. అపెండిక్స్ అని చెప్పాలె," అన్నాడు.

"ఎవలకన్నా?"

"ఎవలకైన. చుట్టాలకు, పక్కపొంటోళ్లకు. రేపు ఇంకో దవాఖానకు పోతే ఆడ గుడ గదే మాట."

"డాక్టరుకు చెప్తే ఏమైతది?"

"డాక్టర్లు రాస్తరు చెల్లె. రాసింది ఎవడో ఒకడు సదువుతడు. కేసయితది, షెడ్డుకు తాళం పడ్తది. సేఠ్‌కేంది, ఇంకో పేరు మీద ఇంకో షెడ్డు తెరుస్తడు. మన అరవై మందిమి ఏడికి పోవాలె?"

మచ్చ మధ్యలో ఎందుకుందని ఎవరన్నా అడిగితే, పగిలి చీము పట్టిందని చెప్పాలని కూడా అతనే నేర్పాడు. పిల్లలకు ఎక్కం చెప్పించినట్టు మొగుడికీ పెళ్లానికీ రెండుసార్లు అప్పజెప్పించుకున్నాడు. ఆసుపత్రి కాగితాలు నా దగ్గర భద్రంగా ఉంటాయని సంచిలో పెట్టుకుని పోయాడు. ఆసుపత్రి ఖర్చంతా సేఠ్ పెట్టుకున్నాడు, మూడు నెలలు సగం కూలి ఇచ్చాడు, మళ్లీ పనిలోకి తీసుకున్నాడు. ఆ వరస గదుల్లో అందరూ ఆయన్ను దేవుడన్నారు. సమ్మక్క కూడా అంది. దేవుడికీ ఆయనకూ ఒక పోలిక నిజంగానే ఉంది, ఇద్దరూ కాగితం చేతికివ్వరు.

చెప్పగా చెప్పగా అది అబద్ధమన్న సంగతే ఇంట్లో మరుగున పడిపోయింది. ఊళ్లో పెళ్లికి పోతే లింగమూర్తి విస్తట్లో వంకాయ కూర వేసేవారు కాదు, అపెండిక్స్ మనిషికి గింజలు పడవని. అతనూ వద్దనేవాడు. ఇంట్లో కూడా వంకాయ మానేశాడు. వంకాయంటే ప్రాణం పెట్టే మనిషి, లేని రోగానికి ఆరేళ్లు పథ్యం చేశాడు.

లాక్‌డౌన్ వచ్చి షెడ్డుకు తాళం పడ్డప్పుడు చాలామంది శ్రామిక్ రైళ్లెక్కి ఊళ్లకు పోయారు. పోయినవాడి గదీ సాంచా రెండూ ఇంకొకడివవుతాయని దశరథం చెప్పడంతో వీళ్లు ఉండిపోయారు. పక్క గదిలో దేవదాస్ అని ముప్ఫై అయిదేళ్ల మనిషి ఒంటరిగా ఉంటాడు. సేఠ్‌కే కతర్‌గామ్‌లో ఉన్న ఇంకో షెడ్డు నుంచి ఏడాది కింద ఇటు మారాడు. అతను డిండోలీ అవతల ఒక పశువుల తబేలాలో పని చూసుకుని, లింగమూర్తినీ తోడు తీసుకుపోయాడు. పేడ ఎత్తాలి, ఆవులను కడగాలి, వాటి ఒంటికి పట్టి రక్తం తాగే గోమార్లు ఏరాలి. రోజుకు రెండు వందల యాభై, ఒక లీటరు పాలు.

వానలు మొదలయ్యాక గోమార్లు ఆవుల చెవుల్లో, పొదుగు పక్కన, తోక కింద గుత్తులుగా పట్టాయి. తెగిన పోగును పట్టే వేళ్లు గనక లింగమూర్తి వాటిని తల విరగకుండా పీకి కిరసనాయిలు డబ్బాలో వేసేవాడు. కొన్ని అతని ఒంటికీ పట్టేవి. ఇంటికొచ్చాక సమ్మక్క మెడ వెనకా మోకాలి మడతల్లో వెతికి తీసేది. అప్పుడిద్దరూ నవ్వుకునేవారు కూడా. జూలైలో ఒక జెర్సీ ఆవు మేత మాని ఎర్రగా మూత్రం పోసింది. తబేలా యజమాని ఫోన్ చేసిన గంటలో పశువుల డాక్టరు బండి మీద వచ్చాడు. చెవి బిళ్ల నంబరు చూసి పుస్తకం తెరిచాడు, గోమారి జ్వరమన్నాడు, సూది వేశాడు, వేసింది పుస్తకంలో రాశాడు. మూడో రోజుకు ఆవు లేచి మేత ముట్టింది.

"ఆవుకు పుస్తకమున్నది సమ్మక్కా," అన్నాడు లింగమూర్తి ఆ రోజు అన్నం తింటూ. "పుట్టినకాడికెల్లి దానికేమేమైందో అంత రాసిపెట్టిన్రు."

ఆ మాట సమ్మక్కకు గుర్తుంది. నిన్న మూత్రం రంగు చూసినప్పుడే ఆవు కళ్ల ముందు మెదిలింది కూడా. అయినా చెప్పలేదు. మనిషి రోగం అడుగుతుంటే ఆవు రోగం చెబితే నవ్వుతారని భయం. పైగా నేతగాడు పేడ ఎత్తుతున్నానని నలుగురిలో చెప్పుకోవడం లింగమూర్తికి నామోషీ. ఊరికి ఫోన్ చేసినప్పుడు కూడా కంపెనీ వాళ్లు కూచోబెట్టి సగం జీతమిస్తున్నారనే చెప్పేవాడు.

సీసా కిటికీలో ఇచ్చి బయటికి వచ్చేసరికి గేటు దగ్గర దశరథం ఉన్నాడు. చేతిలో టిఫిన్ డబ్బా.

"తిన్నవా చెల్లె? నీ వదిన రొట్టెలు పంపింది."

"ఆకలైతలేదన్నా."

"తినాలె. నువ్వు పడిపోతే వానికెవలు?" డబ్బా చేతిలో పెట్టాడు. "సోమారంకెల్లి షెడ్డు నడుస్తున్నది. సగం మందినే తీసుకున్నరు. సురేశ్‌ను వాళ్ల బాపు సాంచాల మీదనే నిలబెట్టిన. సేఠ్ వద్దన్నడు, నేనే మొండికేసి నిలబెట్టిన."

"నీ పేరు చెప్పుకొని బతుకుతున్నమన్నా."

"గది సరే గని, డాక్టరు ఏమన్న అడుగుతున్నదా?"

"మచ్చ చూసి అడిగింది. అపెండిక్స్ అన్నడు."

"మంచిగ చెప్పిండు. ఇది సర్కారు దవాఖాన చెల్లె, జర పైలం. షెడ్డు ఇప్పుడిప్పుడే తెరిసిన్రు."

దశరథం చెడ్డవాడు కాదు. మంచం దొరకక ఆటోలో నాలుగు గంటలు కూర్చున్న రోజు, ఎవరెవరికో ఫోన్లు చేసి మంచం ఇప్పించింది అతనే. ఇరవై ఏళ్లుగా సేఠ్‌కూ కూలీలకూ నడుమ నిలబడి నిలబడి, తానెటు నిలబడ్డాడో అతనికే తెలియకుండా పోయింది. సమ్మక్కకు అతనంటే కోపం లేదు. ఆ రోజు దాకా లేదు.

వార్డు వరండాలో డాక్టరమ్మ ఆమె కోసమే చూస్తూ ఉంది. చేతిలో కాగితాలున్నాయి.

"బెన్, ఇట్లా రండి," అని గుజరాతీలో అక్కా అన్నట్టు పిలిచింది. ఇద్దరి మధ్యా రెండు గజాల దూరం. "మందు పని చేయడం లేదు. నేను రక్తం మళ్లీ నా కళ్లతో చూశాను. మలేరియా కిట్టు పెడితే మలేరియా లేదంటోంది. అద్దం మీద మాత్రం కణాల్లో పురుగు కనిపిస్తోంది. కొన్నిట్లో నాలుగు చుక్కలు ఒకచోట అతుక్కుని ఉన్నాయి. మలేరియాలో అట్లా ఉండదు. కిడ్నీలు దెబ్బతింటున్నాయి. నాకు తెలియనిదేదో ఉంది. ఈ నెలలో అతను ఎక్కడికైనా వెళ్లాడా? అడవికో, పొలానికో?"

"లేదు మేడం."

"బాగా ఆలోచించి చెప్పండి."

సమ్మక్క టిఫిన్ డబ్బా చేతులు మార్చుకుంది. "నవ్వద్దు మేడం," అంది తనకొచ్చిన హిందీలో. "ఆవుకు గుడ గిట్లనే ఎర్రగ అయింది."

"ఏ ఆవుకు?"

అప్పుడు తబేలా సంగతి చెప్పింది. గోమార్లు ఏరడం, ఒంటికి పట్టడం, తాను వెతికి తీయడం, పశువుల డాక్టరు గంటలో రావడం అన్నీ చెప్పింది. డాక్టరమ్మ నవ్వలేదు. గోడకు చేయి ఆనించి వింది. ఆ తర్వాత ఆమె మాట నెమ్మదయింది.

"అది పశువులకు వచ్చే జ్వరం బెన్. దాని చుట్టం లాంటిది మనుషులకు రావడం చాలా అరుదు, నేను పుస్తకంలో చదవడమే గాని చూడలేదు. వచ్చినా, గట్టి మనిషిలో ఇంత ముదరదు. రక్తంలో ఇట్లాంటి పురుగులను జల్లెడ పట్టేది తిల్లీ. తిల్లీ లేనివాళ్లలోనే ఇది ఇట్లా చెలరేగుతుంది." చేతిలోని కాగితాలు తిరగేసింది. "అందుకే మళ్లీ అడుగుతున్నాను. ఆ ఆపరేషన్ నిజంగా అపెండిక్సేనా?"

తిల్లీ అంటే ప్లీహమని, సమ్మక్కకు తెలుసు. మేకను కోసినప్పుడు కార్జం పక్కన నల్లగా నాలుకలాగా ఉంటుంది. మనిషికీ ఒకటుంటుందని, అది పోతే మనిషి ఇట్లా వాకిలి లేని ఇల్లవుతాడని ఎవరూ చెప్పలేదు. ఆమెకు ముందు సురేశ్ గుర్తొచ్చాడు, వాడు ఈ పాటికి తండ్రి సాంచాల మధ్య నిలబడి ఉంటాడు. గది గుర్తొచ్చింది. అరవై మందిమి ఏడికి పోవాలె అన్న మాట గుర్తొచ్చింది. డాక్టరమ్మ కళ్లద్దాల లోపల ఆవిరి పట్టి కళ్లు సరిగా కనిపించడం లేదు, అయినా ఆమె కదలకుండా ఎదురు చూస్తూ ఉంది. ఆరేళ్లుగా ఏ డాక్టరూ, ఏ సేఠూ, ఏ ముకద్దమూ సమ్మక్క నోటి మాట కోసం ఇట్లా ఎదురు చూడలేదు.

"కాదు మేడం," అంది. "నాడె తాకింది. షెడ్డుల. ఎడమ డొక్కల తాకింది. ఏదో పలిగిందని తీసేసిన్రు."

చెప్పి గోడ పక్కన కూర్చుండిపోయింది.

డాక్టరమ్మ అక్కడికక్కడే రాసుకుంది. "ఆపరేషన్ చేసినవాళ్లు చెప్పి ఉండాలే, తిల్లీ తీసేశాం, చిన్న జ్వరమొచ్చినా పరుగెత్తి రావాలి, టీకాలు వేయించుకోవాలి అని. కాగితం మీద రాసి ఇస్తారు. ఇవ్వలేదా?"

"ఇచ్చే ఉంటరు మేడం. కాగితం మా కాడ లేదు."

గంటలో పొట్ట స్కానింగ్ చేశారు. ఎడమ డొక్కలో ఉండాల్సింది లేదు. సూదులు మారాయి. క్వినైన్ బాటిల్ కట్టారు, క్లిండమైసిన్ అనే ఇంకో మందు మొదలుపెట్టారు. నూటికి ముప్ఫై రక్తకణాల్లో పురుగు ఉంది, మందొక్కటే చాలదు, ఒంట్లో రక్తం కొంత కొంత తీసేసి తీసినంతా మంచి రక్తం ఎక్కించాలి అన్నారు. కరోనా రోజులు, రక్తమిచ్చేవాళ్లు లేరు. సమ్మక్క ఫోన్ చేస్తే సురేశ్ నడుస్తున్న సాంచాలు ఆపేసి, ఒంటి నిండా దూదితో, మాస్కు కూడా మరిచి పరుగెత్తుకొచ్చాడు. వచ్చేటప్పుడు ఇంకో ఇద్దరిని తెచ్చాడు. సాయంత్రానికి ఆ సాంచాల మీద దశరథం వేరేవాళ్లను నిలబెట్టాడు.

మర్నాడు లింగమూర్తి కళ్లు తెరిచి మనిషిని గుర్తుపట్టాడు. పురుగు పదిహేనుకు దిగిందని నర్సు చెప్పింది. సమ్మక్క తడిగుడ్డతో పెదవులు తుడిచింది.

"చెప్పినవా?" అన్నాడు. గొంతు గాలి మాత్రమే.

"చెప్పిన."

"పోరని పని పోతదే," అన్నాడు.

అదే ఆమెతో అతనన్న చివరి మాట. నన్ను బతికించినవు అనలేదు, ఎందుకు దాచినమే అనలేదు. పోరని పని పోతదన్నాడు. ఆ పని అప్పటికే పోయిందని సమ్మక్క చెప్పలేదు. ఆమె దాచిన చివరి సంగతి అది.

పురుగు తొమ్మిదికి దిగింది, తర్వాత మూడుకు. అంకె తగ్గుతున్న కొద్దీ ఆమెకు ఆశ పుట్టింది. కాని చెడిపోయిన రక్తం కిడ్నీల్లో అడ్డుపడి మూత్రం ఆగిపోయింది. డయాలిసిస్ మిషన్ మీద పెట్టారు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. గురువారం పన్నెండు గంటలకు, పక్క మంచం మనిషికి అన్నం పెడుతుండగా, లింగమూర్తి పోయాడు. నలభై ఏడేళ్లు. రక్తంలో పురుగు దాదాపు లేదని ఆ పొద్దున్నే కాగితం వచ్చింది.

సమ్మక్క ఏడవలేదు. వరండాలోకి వచ్చి డాక్టరమ్మ ఎదురుగా, ఆ రెండు గజాల దూరంలోనే నిలబడింది.

"మొదటి దినమే చెప్తే బతుకుతుండెనా మేడం?"

డాక్టరమ్మ ఓదార్చడానికి ఏదో ఒకటి అనవచ్చు. "నాలుగు రోజులు చాలా ఎక్కువ బెన్," అంది. తర్వాత, "అట్లాంటి ఆపరేషన్ అయినవాళ్లు మీ దగ్గర ఇంకెవరైనా ఉంటే నా దగ్గరికి పంపండి," అంది.

అప్పుడు ఏడ్చింది సమ్మక్క. మొగుడు పోయినందుకు ఏడ్చిందో, మంచం కాళ్ల దగ్గర నోరు మూసుకుని నిలబడ్డ తన మీద తనకే వచ్చిన అసహ్యానికి ఏడ్చిందో విడదీసి చెప్పలేం. ఆమెను పట్టుకుని ఓదార్చడానికి రూలు ఒప్పుకోదు. ఒక నర్సు నీళ్ల సీసా దూరంగా పెట్టి జరిగింది.

శుక్రవారం మధ్యాహ్నం మగవాళ్లు శ్మశానం నుంచి తిరిగొచ్చారు. ఇరవై మందికి మించి పోకూడదని రూలు, పోయింది పదకొండు మంది. గదుల వరస చివర నల్లా దగ్గర ఒక్కొక్కరే నీళ్లు పోసుకుంటున్నారు. సమ్మక్క గడప లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సురేశ్ తడి బట్టలతోనే గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

దశరథం వచ్చి గడప బయట గొంతుక్కూర్చున్నాడు. అతని కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. ఒకే బడిలో చదువుకున్నవాళ్లు, పాడె మోసినప్పుడు ముందుపక్క పట్టింది అతనే.

"చెల్లె, అయ్యిందేదో అయిపాయె. ఎవలన్న అడిగితే మలేరియా అని చెప్పాలె. గా డాక్టరమ్మ నాడె అది ఇది అని రాసిందట గదా. దాని మీద ఎవలన్న వస్తే, రంధిల ఏదో అన్న, నాకు యాదికి లేదు అను. సురేశ్‌ను మల్ల సాంచా మీద నిలబెట్టే పూచీ నాది."

సమ్మక్క చూపు నల్లా మీద ఉంది. అక్కడ దేవదాస్ నీళ్లు పోసుకుంటున్నాడు. లుంగీ బనీనుతోనే పోసుకుంటున్నాడు, నిండిన బకెట్టు ఎత్తడానికి వంగితే తడి బనీను పైకి జరిగింది. ఎడమ పక్కటెముకల కింద నుంచి పొట్ట మీదికి అడ్డంగా, జానెడు పొడుగు కోత.

సమ్మక్క లేచింది. మనిషి పడిపోతుందేమోనని ఇద్దరు ఆడవాళ్లు పట్టుకోబోయారు. వాళ్ల చేతులు తప్పించుకుని నల్లా దాకా నడిచింది.

"అదేంది దేవదాసూ?"

"ఏది వదినా?"

"గా కోత."

దేవదాస్ గబుక్కున బనీను కిందికి లాక్కున్నాడు. "గదా వదినా... అపెండిక్స్. నాలుగేండ్లయింది. కతర్‌గామ్‌ల ఉన్నప్పుడు." కొంచెం ఆగి, ఎవరూ అడగకుండానే, "లోపలనే పగిలి చీము వట్టింది," అన్నాడు.

"తబేలకు ఇంక పోతున్నవా?"

"పొద్దుగాల పోతున్న వదినా."

"జరం వస్తున్నదా?"

"లేదు. మొన్న ఒక దినం జర వెచ్చగయింది. తగ్గింది."

"చెల్లె," అన్నాడు దశరథం వెనక నుంచి. "ఇయ్యాల నువ్వు గడప దాటద్దు. ఇంట్లకు రా."

సమ్మక్క వెనక్కి తిరగలేదు.

"ఎన్నో నంబరు సాంచా?" అని అడిగింది.

దేవదాస్ ఆమె భుజం మీదుగా దశరథం వైపు చూశాడు.

"ఆయన దిక్కు చూడకు. నా మొగని సంగతి ఆరేండ్లు నేను గుడ ఆయన దిక్కే చూసి చెప్పిన. నా మొఖం చూసి చెప్పు. ఎన్నో నంబరు సాంచా కాడ తాకింది?"

దేవదాస్ బనీను అంచు రెండు చేతులతో కిందికి లాగి పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. దశరథం గడప దగ్గర నుంచి లేచి రెండడుగులు వేసి ఆగాడు. సమ్మక్క మాత్రం కదలలేదు, దేవదాస్ చెప్పేదాకా అక్కడే నిలబడే ఉద్దేశంతో ఉంది.